చీజ్ పక్కన మామిడి తాండ్ర పెట్టండి

పాతకాలం రిసెప్షన్లలో టూత్‌పిక్‌కు గుచ్చి ఇచ్చేవారు, గుర్తుందా? ఒక చీజ్ క్యూబు, ఒక అనాస ముక్క, పైన డబ్బాలోంచి తీసిన ఎర్రటి చెర్రీ. మేం పిల్లలం చెర్రీ పీక్కుని తిని, మిగతాది అమ్మ ప్లేట్లో పెట్టి పారిపోయేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పుల్లకు గుచ్చినవాడి లెక్క తప్పేం కాదు. ఉప్పగా, వెన్నగా ఉన్నదాని పక్కన తియ్యగా, పుల్లగా ఉన్నది పెట్టాడు. చీజ్ ప్లేటు అంటే అదే లెక్క. కాకపోతే బెంగళూరు వచ్చాక అది చెక్కపలక ఎక్కింది, ధర పెరిగింది.

మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మనవాళ్లే. శనివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. అక్కడ నేను చూసేది ఏమిటంటే, చీజ్ మీద వెయ్యి రూపాయలు పెట్టినవాళ్లు కూడా పక్కన పిల్లల బ్రెడ్డుకు పూసే మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పెట్టేస్తారు. డబ్బంతా అక్కడే వృథా. చీజ్ కొట్టులో కొనుక్కోండి, తప్పులేదు. పండు మాత్రం మన ఇంటిదే ఉండాలి. తాండ్ర, బెల్లం ఆవకాయ, జామపండు... వీటికి మించినవి విదేశీ సీసాల్లో దొరకవు.

ఇది మనవాళ్ల మీద అభిమానంతో అంటున్న మాట కాదు. స్పెయిన్‌లో మాంచెగో అనే గొర్రెపాల చీజ్‌ను క్విన్స్ పండు గుజ్జుతో తింటారు. ఆ గుజ్జును చక్కెరతో గట్టిపడేదాకా ఉడికించి ముక్కలు కోస్తారు. చూస్తే మన తాండ్రకు అన్నలా ఉంటుంది. బ్రెజిల్‌లో తెల్ల చీజ్ మీద జామపండు హల్వా ముక్క పెట్టుకుని తింటూ ఆ జంటకు రోమియో, జూలియట్ అని పేరు పెట్టుకున్నారు. ఇటలీలో క్రెమోనా ఊరివాళ్లు పళ్లను పంచదార పాకంలో వేసి ఆవఘాటు ఎక్కించి చీజ్‌తో వడ్డిస్తారు. ఆవఘాటు, తీపి, పండు అనగానే మీకు ఏ జాడీ గుర్తొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ముందు నాలుక లెక్క

ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. చీజ్ ఎంత ఉప్పగా, ఘాటుగా ఉంటే పక్కన అంత తీపి పడుతుంది. చీజ్ ఎంత వెన్నగా, మెత్తగా ఉంటే పక్కన అంత పులుపు కావాలి. ఉప్పు తగిలితే చేదు అణిగి తీపి పైకొస్తుంది. పుచ్చకాయ మీద ఉప్పు చల్లుకునేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కొవ్వు నాలుక మీద పొరలా పరుచుకుంటే దాన్ని కోసేది పులుపు. ముద్దపప్పు నెయ్యి పక్కన ఆవకాయ ఎందుకు కావాలో, మెత్తటి చీజ్ పక్కన పుల్లటి పండు అందుకే కావాలి.

తీపి ఒక్కటే ఉండి పులుపు లేని జామ్ ఏ చీజ్‌నూ నిలబడనివ్వదు. కొట్టులో దొరికే జామ్‌తో వచ్చే చిక్కు అదే.

చీజ్ కొనేటప్పుడు

ఎనిమిది మందికి మూడు రకాలు చాలు. భోజనం కూడా ఉంటే మనిషికి యాభై గ్రాముల లెక్కన మొత్తం 400 గ్రాములు తీసుకోండి. ఆరు రకాలు పెడితే జనం ఏది తిన్నారో వాళ్లకే గుర్తుండదు. ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది, ఒకటి మీ ధైర్యాన్ని బట్టి.

గట్టిదానికి చెడ్డార్ లేదా గౌడా. మెత్తనిదానికి బ్రీ లేదా కామెంబెర్. ఫెటా కూడా బాగుంటుంది. ధైర్యానిది బ్లూ చీజ్, అంటే నీలి బూజు చారలతో ఘాటుగా ఉండేది. దక్షిణాదిలో చీజ్ చేసేవాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. కొడైకెనాల్ చీజ్ ఎప్పటినుంచో ఉన్నదే, ఆరోవిల్‌లో లా ఫెర్మ్ ఉంది. బెంగళూరులోనే వల్లంబ్రోసా పేరుతో క్రైస్తవ సన్యాసులు తాజా ఇటాలియన్ చీజ్‌లు చేస్తున్నారు. దిగుమతి సరుకే కావాలని పట్టుపట్టకండి. దూరం నుంచి వచ్చిన మెత్తటి చీజ్ దారిలో ఎన్నిసార్లు వేడెక్కి చల్లబడిందో మీకు తెలియదు.

క్యూబుల్లో, స్లైసుల్లో వచ్చే ప్రాసెస్డ్ చీజ్‌ను ఈ ప్లేటుకు వాడొద్దు. అసలు చీజ్‌ను కరిగించి, సోడియం సిట్రేట్ లాంటి లవణాలు కలిపి మళ్లీ అచ్చు పోస్తేనే అది వస్తుంది. శాండ్‌విచ్‌లో బంగారం. పక్కన మంచి తాండ్ర పెడితే మాత్రం ఉప్పు తప్ప ఇంకేం చెప్పదు. పిల్లలుంటే మాత్రం క్యూబులు, అనాస ముక్కలు విడిగా ఒక గిన్నెలో పెట్టండి. వాళ్ల పార్టీ వాళ్లది.

అన్నట్టు, డిక్షనరీలో చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. మా అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు ఆ మాటే నమ్మి, మిరియాల వాసన కోసం వెతుక్కుంది పాపం. పాలలోంచి పుట్టాయన్న మాటే తప్ప ఈ రెండింటికీ చుట్టరికం లేదు.

పచ్చచుక్క చూడండి, నాలా తలవంచుకోకండి

రెండేళ్ల క్రితం మా తమ్ముడు ఇటలీ వెళ్లొస్తూ పార్మిజానో అనే గట్టి చీజ్ పెద్ద ముక్క తెచ్చాడు. సంబరంగా పెచ్చులు చేసి, పైన తేనె చుక్కలు వేసి అందరికీ తిప్పాను. బాబాయ్ నాలుగు ముక్కలు తిని, “ఇదేదో బాగుందే, దేంతో తోడుపెడతారు దీన్ని?” అని అడిగాడు. బాబాయ్ గుడ్డు కూడా ముట్టడు. ఫోన్ తీసి చూసేసరికి నా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. పార్మిజానో రెజ్జానో చేయాలంటే పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెటే వాడాలని వాళ్ల నిబంధన. అబద్ధం చెప్పలేక చెప్పేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. లేచి నోరు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

కాబట్టి ఇండియాలో అమ్మే ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు చూడండి. ఇక్కడ తయారయ్యే చాలా చీజ్‌లలో సూక్ష్మజీవుల నుంచి చేసిన రెన్నెట్ వాడతారు, అవి శాకాహారులకు ఇబ్బంది లేనివి. ఎవరో సూట్‌కేసులో తెచ్చినదాని మీద గుర్తు ఉండదు, లేబుల్ చదివి తీరాలి.

ఇంకో రెండు సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. వచ్చేవాళ్లలో గర్భిణి ఉంటే బ్రీ, కామెంబెర్, బ్లూ చీజ్‌లు ఆవిడకు వద్దు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం ఉంది. గట్టి చెడ్డార్ ఇవ్వొచ్చు. ఏడాది నిండని బిడ్డ నోట్లో తేనె పెట్టనివ్వకండి. అమ్మమ్మలు ఒప్పుకోరు, అయినా వద్దు. ఇక “నాకు పాలు పడవు” అనేవాళ్లకు బాగా మాగిన చెడ్డార్, గౌడా చాలావరకు పడతాయి. మాగేకొద్దీ వాటిలో లాక్టోజ్ దాదాపు మిగలదు.

మూడు రోజుల ముందు: జామపండు హల్వా

గోవాలో క్రిస్మస్‌కు చేసే పెరాద్ ఇదే. ఇంగ్లిష్‌లో దీన్ని గువావా చీజ్ అంటారు. చుక్క పాలు ఉండవు, పేరు మాత్రం చీజ్!

కిలో జామపండ్లు తీసుకోండి. అన్నీ మెత్తగా పండినవి వద్దు. మూడో వంతు దోరవి ఉండాలి. గట్టిపడేలా చేసే పెక్టిన్ దోరకాయలోనే ఎక్కువ. లోపల గులాబీ రంగు ఉన్నవి దొరికితే ప్లేటు మీద అందంగా ఉంటుంది. హాప్‌కామ్స్ కొట్లలో అప్పుడప్పుడు దొరుకుతాయి, లేదంటే కే.ఆర్. మార్కెట్.

ముక్కలు కోసి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి మెత్తగా ఉడికించండి. చల్లారాక గింజలు పోయేలా జల్లెడలో గరిటెతో రుద్దండి. మిక్సీ వేయకండి, గింజ నలిగితే ఇసుకలా తగులుతుంది. వచ్చిన గుజ్జును కప్పుతో కొలవండి. కప్పు గుజ్జుకు ముప్పావు కప్పు పంచదార. మొత్తానికి రెండు నిమ్మకాయల రసం. అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి మంట మీద పెట్టి కలుపుతూ ఉండండి.

మొదటి పావుగంట ఏమీ జరగదు. తర్వాత మొదలవుతుంది. గుజ్జు చిక్కబడి, బుడగలు పైకి రాలేక లోపలే ఉబ్బి, ఒక్కోటీ టప్పున పేలుతుంది. పేలినప్పుడల్లా చుక్క మీ చేతి మీదే పడుతుంది, స్టవ్వు ఎంత పెద్దదైనా సరే. పొడుగు చెక్కగరిటె వాడండి, చేతికి గుడ్డ చుట్టుకోండి. రంగు లేత గులాబీ నుంచి ఇటుక రంగుకు తిరుగుతుంది. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ దారి రెండు క్షణాలు అలాగే నిలవాలి. చివరికి హల్వాలాగా గిన్నె అంచులు వదిలి ముద్దగా తిరుగుతుంది. నలభై నిమిషాల నుంచి గంట పట్టొచ్చు. గడియారం కన్నా గిన్నెను నమ్మండి.

నెయ్యి రాసిన పళ్లెంలో అర అంగుళం మందంగా పరిచి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మైసూర్‌పాక్‌లా బిళ్లలు కోయండి. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాలు ఉంటుంది. మా ఇంట్లో అన్ని వారాలు ఎప్పుడూ ఉండలేదు.

ద్రాక్ష దొరికితే

చిక్కబళ్లాపుర, కోలారు వైపు నుంచి వచ్చే నల్లద్రాక్ష, బెంగళూరు బ్లూ, ఈ ఊరి సొత్తు. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ బండి దగ్గర కన్నడంలో మొదలుపెట్టిన బేరం తెలుగులో ముగియడం మామూలే. తినడానికి కొందరికి నచ్చదు, తోలు మందం, గింజ పెద్దది, పుల్లన. జామ్‌కు మాత్రం ఆ పులుపే కావాలి.

కాయను వేళ్ల మధ్య నొక్కితే గుజ్జు తోలులోంచి జారి బయటికి వస్తుంది. తోళ్లు ఒక గిన్నెలో, గుజ్జు ఒక గిన్నెలో. పిల్లలకు అప్పగించండి, ఆ పని వాళ్లకు భలే ఇష్టం. గుజ్జును పది నిమిషాలు ఉడికించి గింజలు వడకట్టి, తోళ్లు కలిపి, కిలో కాయకు 400 గ్రాముల పంచదార, ఒక నిమ్మకాయ రసం వేసి మరిగించండి. ఫ్రీజర్‌లో పెట్టిన స్టీలు పళ్లెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. అంతే. పంచదార తక్కువ కాబట్టి బయట ఉంచకండి, ఫ్రిజ్‌లోనే పెట్టి రెండు మూడు వారాల్లో వాడేయండి.

చేయడానికి టైం లేకపోతే

కొన్న జామ్‌నే దారికి తేవొచ్చు. మన దేశపు నిబంధన ప్రకారం చాలా పళ్ల జామ్‌లలో పండు కనీసం 45 శాతం ఉండాలి, కరిగి ఉన్న ఘనపదార్థం 65 శాతానికి తగ్గకూడదు. ఆ 65లో ఎక్కువ భాగం చక్కెరే. సీసా వెనక పండు శాతం చూసి, ఎక్కువున్నది కొనండి. నాలుగు చెంచాల జామ్‌ను చిన్న గిన్నెలో వేడిచేసి, చెంచాడు నిమ్మరసం, చిటికెడు మిరియాల పొడి, చిటికెడు ఉప్పు కలపండి. చల్లారాక రుచి చూస్తే అదే సీసాలోదని నమ్మరు.

ఏది దేని పక్కన

చెడ్డార్‌కు మామిడి తాండ్ర. ఇదొక్కటే చేసినా చాలు, మిగతా పేజీ మర్చిపోవచ్చు. మరీ తియ్యటి తాండ్ర కాకుండా కొంచెం పులుపు తగిలేది, పొరలు పొరలుగా ఎండినది తీసుకోండి. ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే తెమ్మనండి. చాకుకు నూనె రాసి అగ్గిపుల్లంత సన్నగా కోసి, అంతే మందం చెడ్డార్ ముక్క మీద పెట్టండి. మొదట ఉప్పు తెలుస్తుంది, నమిలేకొద్దీ తాండ్ర కరిగి మామిడి వాసన వస్తుంది, చివరికి చెడ్డార్ చురుకు మిగులుతుంది. తాండ్ర మందంగా కోస్తే మాత్రం చీజ్ ముందే అయిపోయి, నోట్లో తాండ్ర సాగుతూ ఉంటుంది.

గౌడాకు అంజీర్. ఎండువి ఆరు నీళ్లలో నానబెట్టి, అదే నీళ్లతో ఉడికించి, నిమ్మరసంతో ముద్ద చేస్తే సరి. మాగిన గౌడాలో చిన్న పలుకులు పంటికింద తగిలితే ఉప్పురాయి అనుకోకండి. మాగేటప్పుడు ప్రోటీన్ విడిపోయి టైరోసిన్ అనేది పలుకు కడుతుంది. అది మంచి చీజ్ లక్షణం.

బ్రీ, కామెంబెర్‌లకు ఆ ద్రాక్ష జామ్. పైనున్న తెల్లపొర బూజే, కానీ కావాలని పెంచిన బూజు, తినొచ్చు. చెక్కేసి తినేవాళ్లను ఏమీ అనకండి.

ఫెటాకు తేనె, లేదా నారింజ మార్మలేడ్. జామపండు హల్వా గట్టి చీజ్ దేనితోనైనా వెళ్తుంది. పనీర్ ఉంటే తాజాది పలచగా కోసి దానిమీద ఈ హల్వా పెట్టి చూడండి, బ్రెజిల్ వాళ్ల జంటకు మన ఇంటి రూపం అది.

బ్లూ చీజ్‌కు అన్నిటికన్నా తియ్యనిది కావాలి. గింజ తీసిన ఖర్జూరాన్ని వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా నలిపి, మిరియాలు దంచి కలపండి. బ్లూ చీజ్ శనగగింజంత, ఖర్జూరం దానికి రెండింతలు. మొదటిసారి తినేవాళ్లకు ఆ పాళ్లలో మీరే చేసి చేతికివ్వండి. చాకు వాళ్లకిస్తే పెద్ద ముక్క కోసుకుని, జన్మలో మళ్లీ ముట్టరు.

ఇక బెల్లం ఆవకాయ. ఏడాది పాతబడి, ముక్క మెత్తబడి, పాకం నల్లబడినదైతే గౌడా పక్కన రాజాలా కూర్చుంటుంది. నూనె వంచేసి, ముక్కను సన్నగా తరిగి, పావు చెంచా కన్నా ఎక్కువ పెట్టకండి. మామూలు ఆవకాయ మాత్రం తేవద్దు. నేను ప్రయత్నించాను. చీజ్ ఉప్పు, ఆవకాయ ఉప్పు కలిసి అందరం మంచినీళ్ల కోసం లేచాం.

కింద పెట్టుకోవడానికి

ఉప్పు, తీపి తక్కువున్న క్రాకర్లు, లేదా కాల్చిన బ్రెడ్డు. మేరీ బిస్కెట్టు వద్దు, అదే తీపి. మీ వీధి చివర అయ్యంగార్ బేకరీ ఉంటే ఖారా బిస్కెట్లు తెచ్చుకోండి. పచ్చిమిర్చి, వెన్న కలిసిన ఆ బిస్కెట్ మీద కొంచెం బ్రీ, పైన ద్రాక్ష జామ్ పెడితే దాని కోసమే పుట్టిందా అనిపిస్తుంది. చెక్కలు వాడదామని మా పక్కింటావిడ పట్టుబట్టింది. నువ్వులు, శనగపప్పు, కారం ముందుకొచ్చి చీజ్ ఎటుపోయిందో తెలియలేదు.

ఆ సాయంత్రం

చీజ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పెట్టకండి. చల్లగా ఉంటే వాసన రాదు, వాసన లేకపోతే రుచి సగమే. డిసెంబరు సాయంత్రమైతే గంట ముందు, ఏప్రిల్‌లో అయితే అరగంట ముందు తీయండి, మెత్తటివి ఇంకా ఆలస్యంగా. సర్జాపూర్ రోడ్డు నుంచి వచ్చేవాళ్లు ఏడింటికి అన్నారంటే ఎనిమిది అని రాసుకోండి. ట్రాఫిక్‌కు పేరుపడ్డ కూడలి అది, “సిల్క్ బోర్డు దాటాం” అని ఫోన్ వచ్చాక తీసినా పర్వాలేదు.

మెత్తటి చీజ్ చాకుకు అంటుకుని నలిగిపోతుంటే దారం వాడండి. ఉడికించిన గుడ్డును దారంతో కోసినట్టే, కొత్త గట్టి దారాన్ని రెండు చేతులా లాగి పట్టుకుని కిందికి నొక్కడమే. బ్రీని కేకులా మధ్య నుంచి అంచుకు కోయండి, అందరికీ మధ్య భాగమూ రావాలి, పొరా రావాలి. గట్టి చీజ్‌ను ముందే ముక్కలు చేసిపెట్టండి. మనవాళ్లు మొహమాటానికి మొదటి కోత కోయరు.

చెక్కపలక లేకపోతే పెద్ద స్టీలు పళ్లెం చాలు, అరిటాకు ముక్క పరిస్తే ఇంకా బాగుంటుంది. గడియారంలా పేర్చండి. పన్నెండు దగ్గర తేలికైనది, అక్కడి నుంచి కుడివైపు తిరుగుతూ ఘాటు పెరగాలి. బ్లూ చీజ్ చివర్లో, వీలైతే వేరే పళ్లెంలో. ప్రతి చీజ్ పక్కన దాని పండు, ప్రతిదానికీ దాని చెంచా. జామ్‌ను చీజ్ మీద ముందే పూసేయకండి. నీరు ఊరి అరగంటలో చిత్తడవుతుంది, పైగా షుగరున్నవాళ్లు ఎంత వేసుకోవాలో వాళ్ల చేతిలో ఉండాలి. మధ్యలో వేయించిన బాదం, నాలుగు పచ్చి ఆపిల్ ముక్కలు.

తాగడానికి పాలు వేయని టీ పెట్టండి. చల్లటి కూల్‌డ్రింక్‌తో నోట్లో వెన్న గడ్డకట్టినట్టుంటుంది.

రెండు గంటలు దాటితే మెత్తటివి తీసేయండి. మిగిలిన చీజ్‌ను బటర్ పేపర్లో చుట్టి, దాన్ని డబ్బాలో పెట్టండి. ప్లాస్టిక్‌లో బిగించి చుడితే చెమటపట్టి వాసన వస్తుంది. బ్లూకు డబ్బా వేరే, లేకపోతే మర్నాడు ఫ్రిజ్‌లో పెరుగు కూడా బ్లూ అవుతుంది.

ఆదివారం పొద్దున మిగిలిన చెడ్డార్‌ను తురిమి, దోశ పెనం మీద ఉండగానే చల్లి, అందులో అర చెంచా బెల్లం ఆవకాయ పాకం గీతలా పోసి మడవండి. అంచుల నుంచి కారిన చీజ్ పెనానికి తగిలి కరకరలాడేదాకా ఆగి తీయండి. మా ఇంట్లో ఆ అంచు కోసం గొడవలు జరుగుతాయి.